వానల్లో పెరటి కలుపు: ఉప్పు-వెనిగర్ కొట్టాలా, కప్పి పెట్టాలా, చేత్తో పీకాలా?

పెరటి పిచ్చి, తిరుపతి:
మాది తిరుచానూరు వైపు. ఇంటి వెనక కొంచెం జాగాలో వంగ, బెండ, ఒక నిమ్మచెట్టు ఉన్నాయి. అక్టోబర్‌లో వానలు పట్టుకుంటే డిసెంబర్ దాకా కలుపు ఆగదు. పిల్లలు తిరిగే చోటు కాబట్టి కలుపు మందు కొట్టను. వెనిగర్‌లో ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొట్టమని మా వీధిలో ఒకాయన సలహా. వంటింటి వస్తువులే కదా, కొట్టొచ్చా?

కరకంబాడి కుర్రోడు:
కొట్టండి అన్నా. ఎండ బాగుంటే సాయంత్రానికే ఆకు మాడిపోతుంది. నడుం నొప్పి ఉండదు.

పలమనేరు రైతుబిడ్డ:
ఆకు మాడుతుంది, నిజమే. మరి వేరు? ఇంట్లో వాడే వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం 4, 5 శాతమే. అప్పుడే మొలిచిన లేత మొక్కలు చస్తాయి. తుంగ, గరిక మాత్రం కింద నుంచి మళ్లీ వస్తాయి. పైగా నవంబర్‌లో మీకు ఎండ ఎక్కడుంది? కొట్టిన గంటకే వాన వస్తే అంతా కొట్టుకుపోతుంది.

ఉప్పు సంగతి ఇంకా ఘోరం. అది ఆవిరైపోయేది కాదు. వాన నీళ్లతో పాటు నిమ్మచెట్టు మొదట్లోకి దిగుతుంది. నిమ్మజాతి చెట్లు ఉప్పుని అసలు ఓర్చుకోవు. కలుపు మీద కోపంతో చెట్టుని చంపుకుంటారా?

ముందు మీ పెరట్లో ఉన్నది ఏ కలుపో చెప్పండి. దాన్ని బట్టే మిగతాదంతా.

కరకంబాడి కుర్రోడు:
పార్కింగ్ రాళ్ల సందుల్లో అయితే ఉప్పు వేయొచ్చు కదా? అక్కడ చెట్లేం ఉండవు.

పలమనేరు రైతుబిడ్డ:
ఆ నీళ్లు పారేది ఎటు తమ్ముడూ? రాళ్ల సందులకి మరిగే నీళ్లు చాలు. అన్నం వార్చిన గంజి వేడివేడిగా పోసినా సరే. మొండివాటికి మళ్లీ మళ్లీ పోయాలి.

పెరటి పిచ్చి, తిరుపతి:
తుంగ ఎక్కువ. గోడ వెంబడి వయ్యారిభామ. మడుల్లో గలిజేరు, గంగపాయల.

పుత్తూరు అక్క:
గలిజేరు, గంగపాయల కలుపేంటి నాయనా, పప్పులో వేసుకో! గంగపాయలని కోసి తడి నేల మీద పడేస్తే మాత్రం మళ్లీ వేళ్లూనుకుంటుంది. వాన తెరిపిచ్చినప్పుడే దోకాలి. దోకింది మిద్దె మీద ఎండేయాలి.

ఇక మడుల మీద ఎండాకులు, గడ్డి లాంటి చెత్త కప్పమని అందరూ చెప్తారు. నేను ఒప్పుకోను. వానాకాలంలో దాని కింద నత్తలు, రోకలిబండ పురుగులు కాపురం పెడతాయి. అట్టపెట్టెలు పరిస్తే చెదలు. చేత్తో పీకడమే మేలు.

మాజీ ఉద్యోగి, చిత్తూరు:
వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అక్కగారి మాట సగం ఒప్పుకుంటా. వయ్యారిభామని పీకాల్సిందే, అదీ పూత రాకముందే. ఒక్కో మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు తల్లివేరుతో సహా సులువుగా వస్తుంది. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి అలర్జీ తెస్తుంది.

తుంగని పీకితే పైన గడ్డి చేతికొస్తుంది, గడ్డలు లోపలే ఉండిపోతాయి. పచారి కొట్లో తుంగముస్తలని డబ్బిచ్చి కొనేది ఆ గడ్డల్నే! పారతో లోతుగా తవ్వి, గడ్డలు ఏరి, ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. కంపోస్టులో వేయొద్దు. తర్వాత రెండు మూడు వారాలకోసారి మొలకల్ని తీసేస్తుంటే గడ్డలో బలం తగ్గుతుంది. ప్లాస్టిక్ షీట్‌ని కూడా పొడుచుకుని వస్తుంది కాబట్టి చెత్త కప్పితే ఆగుతుందని అనుకోకండి. దానికి పడనిది నీడ. ఖాళీ మడిలో గెనుసుగడ్డ తీగ పాకించండి.

మిగతా మడులకి చెత్త కప్పడం మంచిదే. వానకి మట్టి చింది వంగ ఆకుల మీద పడదు కూడా. రెండు మూడు అంగుళాల మందం, మొక్క మొదలు నుంచి బెత్తెడు ఖాళీ. నత్తలు కనిపిస్తే రాత్రి టార్చ్ వేసి ఏరేయాలి, వేరే దారి లేదు.

పుత్తూరు అక్క:
రాత్రి టార్చ్ వేసి నత్తలు ఏరే ఓపిక ఉంటే పగలు కలుపే పీకుతాను కదా సార్.

మాజీ ఉద్యోగి, చిత్తూరు:
మీకు ఓపిక ఉంది అమ్మా. అందరికీ ఉండదు.

కరకంబాడి కుర్రోడు:
పాలిథీన్ కవర్ పరిచి ఎండకి ఉడకబెట్టే పద్ధతి ఉంది కదా?

మాజీ ఉద్యోగి, చిత్తూరు:
అది ఏప్రిల్, మే నెలల పని. నేల తడిపి, పారదర్శకంగా ఉండే షీట్ పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. మబ్బుల్లో దండగ. తుంగ గడ్డలు లోతుగా ఉంటే అప్పుడూ కొన్ని బతుకుతాయి.

పెరటి పిచ్చి, తిరుపతి:
సరే, ఉప్పు మానేశా. తుంగ మడి తవ్విస్తా. మడుల్లో కప్పడానికి చెనక్కాయల పొట్టు పనికొస్తుందా? మిల్లులో దొరుకుతుంది.

పలమనేరు రైతుబిడ్డ:
బాగా పనికొస్తుంది. గింజలు మిగలకుండా జల్లించుకోండి, లేకపోతే ఎలుకలు తవ్విపోస్తాయి. బండి మీద అమ్మే ఉప్పు చెనక్కాయల పొట్టు మాత్రం వద్దు.