పుస్తకం చూసి వేస్తే వస్తోంది, ఎదురుగా ఉన్న కప్పు మాత్రం రావట్లేదు

ప్రశ్న:
అందరికీ నమస్తే. ముప్పై దాటాక నాకు బొమ్మలు వేయాలన్న పిచ్చి పట్టుకుంది. క్లాసులకి వెళ్లే తీరిక లేక, బొమ్మలు నేర్పే పుస్తకాలు మూడు కొనుక్కుని నాలుగు నెలలుగా కుస్తీ పడుతున్నాను. పుస్తకంలోది చూసి దింపితే పర్లేదు, ఇంట్లోవాళ్లు కూడా అచ్చం అలాగే ఉందంటున్నారు. కానీ పుస్తకం మూసేసి టేబుల్ మీదున్న కప్పు వేద్దామంటే సొట్టపడ్డ డబ్బాలా వస్తోంది. పైగా ఒక పుస్తకంలో మొదటి బొమ్మ రెండు సున్నాలు, రెండోది నాలుగు గీతలు, మూడోది ఏకంగా కండలు, జూలుతో సహా గుర్రం! మధ్యలో ఏం జరిగిందో ఎవరైనా చెబుతారా? అసలు పుస్తకాలతో బొమ్మలు వస్తాయా, నా టైమ్ వేస్టా?

జవాబు 1:
వస్తాయండీ, నేనూ పుస్తకాలతోనే మొదలుపెట్టాను. ఆ గుర్రం పుస్తకం పక్కన పెట్టేయండి. అది ఆ ఒక్క గుర్రాన్ని వేయిస్తుంది, అంతే, ఎదురుగా ఉన్నదాన్ని ఎలా చూడాలో చెప్పదు. పేజీ మీది బొమ్మని గీతలుగా మార్చే పని ఇంకెవరో చేసిపెట్టేశారు, మీరు దింపుకుంటున్నారు. కప్పు దగ్గర ఆ పని మీ మీద పడింది.

కప్పు మూతి గుండ్రమని మనకి తెలుసు కాబట్టి చెయ్యి గుండ్రంగానే గీసేస్తుంది, అడుగు టేబుల్‌కి ఆనుకుని ఉంది కాబట్టి అక్కడో అడ్డగీత పెట్టేస్తుంది. కూర్చున్న చోటి నుంచి చూస్తే మూతి కోలగా ఉంటుంది, అడుగు అంచూ వంపే, అదీ మూతి వంపు కన్నా కాస్త ఎక్కువ వంపు, ఎందుకంటే అది కంటికి ఇంకా కిందికి ఉంది. నమ్మకపోతే కప్పుని మెల్లగా కంటి ఎత్తుకి లేపి చూడండి, మూతి సన్నబడుతూ సన్నబడుతూ ఒక్క గీతైపోతుంది. ఇంకొకటి, ఆ కోల రెండు కొనలూ మొన తేలకూడదు, అక్కడా మలుపే ఉంటుంది. నేను చాలాకాలం దాన్ని చేపలా గీశాను, ఎవరూ చెప్పలేదు.

జవాబు 2:
దింపడాన్ని మరీ తీసిపారేయకండి. వాన్ గో 1880లో, 27 ఏళ్లకి, ఆర్టిస్ట్ అవుదామని నిర్ణయించుకున్నాక షార్ల్ బార్గ్ డ్రాయింగ్ కోర్సులోని షీట్లు ముందు పెట్టుకుని మళ్లీ మళ్లీ దింపాడు. 1890లో కూడా అవి పంపమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. కాకపోతే ఆ మొదటి రోజుల్లోనే బయట కనిపించే గని కార్మికుల్ని కూడా గీసేవాడు, రెండూ పక్కపక్కనే నడిచాయి.

మీరు దింపేటప్పుడు పేజీని తలకిందులుగా పెట్టండి. ముక్కు, కన్ను అన్న పేర్లు పోయి ఈ గీత ఎటు వాలింది, ఎంత పొడుగు అన్నదే మిగులుతుంది. ఆ తర్వాత కుర్చీ వేయండి, కానీ కాళ్లు వేయకండి, కాళ్ల మధ్య ఖాళీలు వేయండి.

జవాబు 3:
మూడు పుస్తకాలెందుకు బ్రదర్, ఒకటి పూర్తి చెయ్. మనలో చాలామంది వివరణ చదివి, అర్థమైపోయిందనుకుని, ఎక్సర్‌సైజ్ పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. తలకాయ ఎత్తులో కళ్లు దాదాపు సగం దగ్గర ఉంటాయని నాలుగుసార్లు చదివి కూడా కళ్లని నుదుటి మీదే పెట్టేవాణ్ణి, పెన్సిల్‌తో కొలిచాక గానీ బుర్రకెక్కలేదు. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరిపి కొలవాలి. మోచెయ్యి వంచితే కొలత మారిపోతుంది, జాగ్రత్త. రబ్బరు ఓ వారం దాచేయ్.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అందరికీ. తలకిందుల పద్ధతి చేశాను, తిప్పి చూస్తే నేనే వేశానా అనిపించింది. కుర్చీ ఖాళీలు వేస్తుంటే తల తిరిగింది, కానీ మొదటిసారి నాలుగు కాళ్లూ నేల మీద నిలబడ్డాయి. కప్పు అడుగు వంపు కూడా కుదిరింది. పిడి మాత్రం ఇంకా మనిషి చెవిలాగే ఉంది, దానికేమన్నా చిట్కా ఉంటే చెప్పండి.

జవాబు 1:
పిడి లోపలి ఖాళీని ముందు గీయండి.