ఐస్ హాకీ ఆడొచ్చిన పిల్లోడికి అనంతపురంలో ఏ ఆట పట్టియాల?

టవర్ క్లాక్ వాసి, అనంతపురం

అందరికీ నమస్తే. మాది అనంతపురం, టవర్ క్లాక్ దగ్గరే ఇల్లు. కొన్నేళ్ళు కెనడాలో, క్యాల్గరీలో ఉన్నాం. నాయనకు ఆరోగ్యం సరిగా లేక మొన్న సంక్రాంతి అయినంక ఇంటికి వచ్చేసినాం. నా పని కంప్యూటర్ మీదే కాబట్టి ఇక్కడినుంచే చేసుకుంటాండా. మళ్ళీ పోయే ఉద్దేశం లేదు.

మావాడికి పదేళ్ళు. వానికి తెలిసిన ఆట ఒక్కటే, ఐస్ హాకీ. ఆ ఊర్లో పిల్లోళ్ళు మూడేళ్ళకే స్కేట్లు ఎక్కుతారు. తెల్లారి ఆరింటికి ప్రాక్టీసంటే అయిదింటికే లేపాల. బయట మైనస్ ఇరవై, రింక్ (ఐస్ పరిచిన ఆటస్థలం) లోపల కూడా చలే. రబ్బరు నేల మీద మోకాళ్ళేసి కూర్చుని వాని స్కేట్లకు తాళ్ళు బిగించాల. చిన్నోళ్ళకు అంత బలం రాదు, వదులైతే మడమ లోపల ఆడి కాలు మడత పడుతుంది. ఆ తాళ్ళు లాగి లాగి నా వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయేది. తర్వాత అద్దం ఎనక నిలబడి కాఫీ తాగుతా చూడ్డమే.

అట్ల చూసి చూసి నాకూ మనసు పుట్టింది. పెద్దోళ్ళ బిగినర్స్ క్లాసులో చేరినా, ఆ తర్వాత ఒక లీగులో. దాన్ని అక్కడ బీర్ లీగ్ అంటారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. పిల్లోళ్ళ ఆటలన్నీ అయినంకే మాకు ఐస్ దొరికేది, రాత్రి పదిన్నర, పదకొండు. ఒక ప్లంబరు, ఒక పండ్ల డాక్టరు, అరవై దాటిన రిటైర్డ్ టీచరు, నేను. టీచరాయన మా అందరికన్నా బాగా ఆడేవాడు. ఒళ్ళు ఒళ్ళు గుద్దుకోవడం ఆ లీగుల్లో నిషేధం, తెల్లారితే అందరూ డ్యూటీకి పోవాల గదా. నిమిషం లోపే తొడలు మండిపోతాయి, బెంచీ మీదికొచ్చి పడతాం, ఇంకోడు దూకుతాడు. నాకు ఆ నిమిషం చాలు.

ఇప్పుడు మా ఇద్దరి హాకీ సామాన్ల సంచులు రెండూ ఇంట్లో మూలన ఉండాయి. గ్లౌజులు మిద్దె మీద ఎండేస్తే మా అమ్మ ముక్కు మూసుకుని, "ఏమప్పా, దీంట్లో ఎలకేమన్నా సచ్చిందా?" అనింది. మావాడేమో రోజూ, "నాన్నా, రింక్ యాడుంది?" అని అడుగుతాండాడు. క్రికెట్‌కు తోలితే ఫీల్డింగ్‌లో నిలబడి నిలబడి విసుగొచ్చి వచ్చేసినాడు.

మామూలు హాకీలో చేర్చొచ్చా? చక్రాల స్కేటింగ్ మేలా? నాకు నలభై వస్తాండాయి, నేను కూడా ఏదన్నా ఆడొచ్చా? తెలిసినోళ్ళు చెప్పండి.

నంద్యాల కుర్రోడు, ఇప్పుడు ఎడ్మంటన్

అన్నా, ముందు ఆ స్కేట్లకు నూనె రాసి గుడ్డ చుట్టి పెట్టు, లేకుంటే బ్లేడ్లకు తుప్పు. వానివి దాచిపెట్టి లాభం లేదు, వచ్చే ఏడుకు కాలు పట్టదు. నీవి మాత్రం పెట్టుకో.

ఇండియాలో ఐస్ హాకీ లేదనుకోవద్దు. లడఖ్‌లో చెరువులు గడ్డకట్టినాక ఊరూరా ఆడతారు. లేహ్‌లో రింకు కూడా ఉంది, ఖేలో ఇండియా శీతాకాల పోటీల్లో ఐస్ హాకీ అక్కడే జరిగేది. మన ఆడపిల్లల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది, అందులో చానామంది లడఖ్ పిల్లలే. డెహ్రాడూన్‌లో ఇంకో రింకు ఉంది. అనంతపురం నుంచి వారం వారం పోయే దూరం కాదులే. జనవరిలో ఒకసారి తీసుకుపో, మిగతా ఏడాదికి ఇంకో దారి చూసుకోండి. లేహ్ పదకొండువేల అడుగుల ఎత్తు అన్నా, దిగిన రోజే పరిగెత్తనీయొద్దు వాణ్ణి.

పాత పీఈటీ, ధర్మవరం

బాబూ, నేను హాకీ నేర్పించి రిటైరయినవాణ్ణి. ఐస్ మీద ఎప్పుడూ నిలబడలేదు గానీ టీవీలో చూస్తుంటాను. మీ ఊర్లోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ క్రీడాగ్రామం ఉంది, 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగింది అక్కడే. హాకీ కూడా నేర్పిస్తారు. పోయి విచారించు. అంతకన్నా ముందు ఒక సంగతి చెప్పు. మీవాడు కర్ర పట్టుకున్నప్పుడు పైన ఏ చెయ్యి ఉంటుంది? నీకు ఏ చెయ్యి?

టవర్ క్లాక్ వాసి

సార్, వానికి పైన కుడి చెయ్యి, కింద ఎడమ. అక్కడ ఎక్కువమంది పిల్లోళ్ళు అట్లే పడతారు, పైన గట్టి చెయ్యి ఉండాలంటారు. నాది తిరగ. చిన్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో బ్యాటు పట్టిన అలవాటు, ఎడమ పైన, కుడి కింద. మా కోచ్ మార్చాలని చూసినాడు గానీ చెయ్యి వినలేదు.

పాత పీఈటీ, ధర్మవరం

అనుకున్నాను. అయితే కష్టం మీవాడికే, నీకు కాదు. మన హాకీలో ఎడమచేతి కర్రలే లేవు. అందరూ ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పట్టాల్సిందే, మామూలుగా బంతి ఒంటికి కుడిపక్కన ఉంటుంది. కర్రకు ఒకవైపే చదును, రెండోవైపు గుండ్రం. గుండ్రం వైపు తగిలితే ఫౌల్. ఐస్ హాకీ కర్రలో రెండు వైపులా వాడతారు కదా, ఆ అలవాటు చేతిలోంచి పోవడానికి చాలా రోజులు పడుతుంది. ఎడమవైపు బంతి కావాలంటే మణికట్టు తిప్పి, కర్ర ముక్కు కిందికి పెట్టి రివర్స్‌లో ఆడాలి. పదేళ్ళవాడు కాబట్టి వస్తుంది, పదహారేళ్ళవాడయితే వద్దనేవాణ్ణి.

చేతులకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఐస్ మీద వాడు నేర్చుకున్న మొదటి పాఠం ఏమయ్యుంటుంది? ఎదుటివాడికీ పక్‌కూ (ఐస్ మీద బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) మధ్య నీ ఒళ్ళు అడ్డం పెట్టు అని. ఇక్కడ అదే చేస్తే అబ్‌స్ట్రక్షన్, వెంటనే విజిల్. బంతి కాలికి తగిలినా విజిల్. మొదటి నెలంతా వాడికి ఈల మోతే వినపడుతుంది, వీళ్ళు నన్ను ఆడనీయడం లేదని ఇంటికొచ్చి ఏడుస్తాడు. ఇది వేరే ఆట అని నువ్వు ముందే చెప్పిపెట్టు. ఐస్ హాకీకి బదులు అని మాత్రం చెప్పొద్దు, అట్లా చెబితే వాడికి ఇందులో ప్రతిదీ తక్కువగానే కనపడుతుంది.

కలిసొచ్చేవీ ఉన్నాయి. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, మీ పక్ కూడా దాదాపు అంతే కదా. తలెత్తి ఆడటం, ఖాళీ చూసి పాస్ ఇవ్వడం, ఆట ఆగకుండా మనుషుల్ని మార్చుకోవడం, ఇవన్నీ రెండింట్లోనూ ఒకటే. మన హాకీలో ఆఫ్‌సైడ్ నియమం 1998లోనే తీసేశారు, ఐస్ మీద లాగా నీలిగీత దాటానా లేదా అన్న బాధ లేదు. చేతులు మరీ కుదరకపోతే గోల్‌లో నిలబెట్టి చూడండి. ప్యాడ్లు, హెల్మెట్ వాడికి కొత్త కాదు, గోల్‌కీపర్ అయితే కాలితో కూడా తన్నొచ్చు. భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజనిది మన పక్క పాత చిత్తూరు జిల్లానే.

నీ సంగతి. చేతులు సరే, నడుము జాగ్రత్త. మీ కర్ర గడ్డం దాకా వస్తుంది, మాది తొడ పైకి వస్తుంది అంతే. ఆడినంతసేపూ వంగే ఉండాలి.

కడప అక్క

తమ్ముడూ, మా పాప చక్రాల స్కేటింగ్ చేస్తుంది కాబట్టి ఆ సంగతి చెబుతా. ఇన్‌లైన్ స్కేట్లంటే వరసగా నాలుగు చక్రాలు, మీవాడికి ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఆగడం మాత్రం రాదు. ఐస్ మీద పాదం అడ్డం తిప్పి సర్రున ఆగుతారు చూడు, చక్రాలతో అట్లా తిప్పితే పక్కకు పడతాడు. అదొక్కటి నేర్పించి వదులు. ఇన్‌లైన్ హాకీ అని ఆట కూడా ఉంది, గోల్‌కీపర్ కాకుండా నలుగురు, పక్‌తోనే. స్కేటింగ్ సమాఖ్య జాతీయ పోటీలు కూడా పెడుతుంది. మన జిల్లాల్లో ఎక్కువగా స్పీడ్ స్కేటింగే నేర్పిస్తారు, హాకీ జట్టు కావాలంటే నువ్వే పదిమందిని పోగెయ్యాలి.

అంతవరకు ఇంట్లో ఒక పని చెయ్యి. పాలిష్ పట్టిన నల్ల కడప బండ ఒకటి తెచ్చి మిద్దె మీద వెయ్యి. మీకు తాడిపత్రి దగ్గర కాబట్టి ఆ బండైనా ఫరవాలేదు. నీళ్ళు చల్లి తుడిచి, దాని మీద పక్ తోస్తే ఎంత నున్నగా పోతుందో చూడు. మా అన్న కొడుకు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇట్లానే సాధన చేసుకున్నాడు. సాయంత్రం ఆరు దాటినాకే సుమా, ఎండలో ఆ బండ మీద చెయ్యి పెట్టలేం. కింద కాపురం ఉన్నవాళ్ళకు ఒక మాట చెప్పు, ఆ టకటక వాళ్ళకే ఎక్కువ వినపడుతుంది.

ఇంకొకటి అడగనా? ఇదంతా పిల్లోడి కోసమా, నీ కోసమా? నువ్వు రాసిందాంట్లో రాత్రి పదకొండు గంటల ముచ్చటే ఎక్కువ కనపడింది నాకు.

టవర్ క్లాక్ వాసి

అక్కా, ఇద్దరి కోసమూ. సరే, నా కోసం రొంత ఎక్కువే అనుకో.

తాడిపత్రి నుంచి బండ తెప్పించినా. మోయడానికి నలుగురు కావాల్సొచ్చింది. మా నాయన కుర్చీ ఏసుకుని పక్కన కూర్చుని, వాడు పక్ కింద పడేసినప్పుడల్లా లెక్కపెడతాండాడు.

పీఈటీ సార్ చెప్పినట్టే గ్రౌండుకూ తీసుకపోయినా. మొదటి రోజే బంతికి అడ్డం ఒళ్ళు పెట్టి, అయిదు నిమిషాల్లో మూడుసార్లు విజిల్ తిన్నాడు. ముందే చెప్పింటి కాబట్టి ఏడవలేదు, కోచ్‌తో వాదన పెట్టుకున్నాడు, అది కూడా ఇంగ్లీషులో. ఆయన నవ్వి, గోడకు ఎదురుగా నిలబెట్టి ఎడమ చెయ్యి ఒక్కదాంతోనే కర్ర తిప్పమన్నాడు. అన్నం తినేటప్పుడు కూడా గరిటె పట్టుకుని అదే తిప్పుతాండాడు, వాళ్ళమ్మ అరుస్తాంది.

సార్, నా సంగతి. ఉద్యోగాలు చేసుకునే పెద్దోళ్ళు ఆడే జట్టు మన దిక్కు ఏదన్నా ఉండాదా? దెబ్బల భయం లేదు, నడుం సంగతే అనుమానం.

పాత పీఈటీ, ధర్మవరం

మావి పేరున్న జట్లేం కాదు. బ్యాంకు వాళ్ళు, మాస్టర్లు, నా పాత శిష్యులు కొందరు ఆదివారం పొద్దున ఆడతారు. మట్టి నేల, బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం, కాబట్టి షిన్ గార్డులు, పళ్ళకు మౌత్ గార్డ్ తప్పనిసరి. మీ ఐస్ హాకీ గ్లౌజులు తేవద్దు, వాటితో మణికట్టు తిరగదు. వాసన సంగతి సరేసరి. ఆరింటికల్లా రావాలి, ఎనిమిదికి ఎండ ముదిరి అందరూ ఉగ్గాని తినడానికి పోతారు. కర్ర లేకపోతే నాది ఒకటుంది, 36న్నర అంగుళాలది, ఇస్తాను.