కొత్త సీడీఎల్‌తో టెక్సాస్‌లో లోకల్ ట్రక్కు పని దొరకాలంటే

ప్రశ్న (కావలి, ప్రస్తుతం డాలస్)

అన్నలకు, అక్కలకు నమస్కారం. గ్రీన్‌కార్డు మీద ఈ మధ్యే వచ్చాను. ఊళ్లో ఉన్నప్పుడు చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు కృష్ణపట్నం పోర్టుకు తోలేవాణ్ని. ఇక్కడ స్కూల్లో చేరి క్లాస్ ఏ సీడీఎల్ (ట్రైలరు లాగే పెద్ద ట్రక్కుల లైసెన్సు) తీసుకున్నాను. రాత్రికి ఇల్లు చేరే పని కావాలి. ఎవరికి ఫోన్ చేసినా రెండేళ్ల అనుభవం ఉందా అంటున్నారు. ఇప్పుడు ఎట్టా?

జవాబు (ఒంగోలు, ప్రస్తుతం హ్యూస్టన్)

తమ్ముడూ, ఆ రెండేళ్లు అడిగేది కంపెనీ కాదు, దాని ఇన్సూరెన్సు. ఓనరుకు నువ్వు నచ్చినా, పాలసీలో కొత్త డ్రైవరుకు చోటు లేకపోతే నీ ఫైలు కదలదు. కాబట్టి ఐదారు బండ్లుండే చిన్న కంపెనీల చుట్టూ తిరిగి టైము పోగొట్టుకోవద్దు. సొంతంగా ట్రైనింగు ఇచ్చే పెద్దవాళ్లను, ఒళ్లు హూనమయ్యే పనికి మనుషులు నిలవక ఎప్పుడూ వెతుక్కునేవాళ్లను పట్టుకో.

మొదటిది ఫుడ్ సర్వీసు. సిస్కో, యూఎస్ ఫుడ్స్ లాంటివి హోటళ్లకు, స్కూళ్లకు సరుకు వేస్తాయి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బండెక్కాలి, ర్యాంపు దించాలి, రెండు చక్రాల తోపుడుబండి మీద పెట్టెలు దించాలి. యాభై పౌండ్ల పెట్టె అక్కడ మామూలు. మానేసేవాళ్లు ఎక్కువ కాబట్టే కొత్తవాళ్లకు తలుపు తెరిచి ఉంటుంది. మోకాళ్లు, నడుము బాగుంటేనే వెళ్లు. తడి ర్యాంపు మీద జారి పడేవాళ్లే ఎక్కువ, పట్టు ఉండే బూట్లు కొనుక్కో.

రెండోది ఎల్‌టీఎల్. అంటే చిల్లర సరుకు కంపెనీలు: ఓల్డ్ డొమినియన్, సాయా, ఎస్టెస్ లాంటివి. డాకులో (సరుకు ఎక్కించి దించే చోట) ఫోర్క్‌లిఫ్టు పనికి తీసుకుని, తర్వాత డ్రైవరుగా ఎక్కించే దారి వీటిలో కొన్నింటికి ఉంది. జీతం బాగుంటుంది. వీటికి టీ, హెచ్, ఎన్ ఎండార్స్‌మెంట్లు (లైసెన్సు మీద వేసే అదనపు అనుమతులు) దగ్గరుంటే నీ దరఖాస్తు పైకొస్తుంది. టీ అంటే జంట ట్రైలర్లు, ఎన్ అంటే ట్యాంకరు. ఈ రెండింటికీ లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో రాత పరీక్ష చాలు. హెచ్ ప్రమాదకర సరుకుకు. దానికి ముందు థియరీ ట్రైనింగు, టీఎస్ఏ (రవాణా భద్రత చూసే ఫెడరల్ సంస్థ) వేలిముద్రల తనిఖీ కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఇస్తారు, కానీ వారాలు పట్టొచ్చు. ఇవాళే మొదలుపెట్టు.

ఇవి కాక రెడీమిక్స్ కాంక్రీటు, డంపు ట్రక్కులు, చెత్త బండ్లు, యార్డులో ట్రైలర్లు అటూ ఇటూ మార్చే హోస్ట్లర్ పని కూడా ఉన్నాయి. లైసెన్సు మీద ‘ఈ’ అని ఉందేమో చూసుకో. ఉంటే నువ్వు ఆటోమేటిక్ బండి మీద పరీక్ష రాసినట్టు, గేరు బండి తోలకూడదు. పాత డంపు ట్రక్కుల్లో ఇంకా గేర్లుంటాయి. ఆ ‘ఈ’ తీయించుకోవాలంటే గేరు బండి మీద మళ్లీ పరీక్ష ఇవ్వాలి.

జవాబు (గూడూరు, ప్రస్తుతం హ్యూస్టన్)

అన్న చెప్పింది సరే గానీ, హ్యూస్టన్ వైపు రాగలిగితే పోర్టు కంటెయినర్ల పని కూడా చూడు అబ్బయా. కృష్ణపట్నంలో గేటు పాసులు, క్యూలు చూసినోడికి ఇది కొత్తగా ఉండదు. ట్విక్ కార్డు (పోర్టు లోపలికి పోయేందుకు గుర్తింపు కార్డు) లేకుండా మాత్రం టెర్మినల్ లోపలికి ఒంటరిగా పోనివ్వరు. అదీ టీఎస్ఏదే, ఐదేళ్లు చెల్లుతుంది.

ఈ కంటెయినర్ల పనిలో ఒక మెలిక ఉంది. చాలామంది నిన్ను ఉద్యోగిగా కాక 1099 కాంట్రాక్టరుగా (ఆ నంబరు పన్ను ఫారం ఇచ్చి, సొంత వ్యాపారం చేసేవాడిలా) పెట్టుకుంటామంటారు. చేతికొచ్చే అంకె పెద్దగా కనిపిస్తుంది. అందులోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో ఉద్యోగి వాటా, కంపెనీ వాటా రెండూ నువ్వే కట్టాలి, అది 15.3 శాతం. ఆ పైన ఆదాయ పన్ను. క్యూలో నాలుగు గంటలు నిలబడితే ఆ గంటలకు డబ్బు రాకపోవచ్చు. బండి నీకే అమ్మి వారం వారం కోసుకుంటామనే లీజు పత్రం చూపిస్తే సంతకం పెట్టకుండా లేచి వచ్చేయ్. ఇంకోటి, టెక్సాస్‌లో ప్రైవేటు కంపెనీలు వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే ఇన్సూరెన్సు) తీసుకోవాలనే నిర్బంధం లేదు. డబ్ల్యూ-2 ఉద్యోగం (అంటే కంపెనీ జీతం మీద పని) ఇచ్చేచోట కూడా అది ఉందా లేదా అని అడిగే చేరు.

జవాబు (కందుకూరు, ప్రస్తుతం డాలస్)

కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. సగం దరఖాస్తులు ఆగేది అక్కడే.

సీడీఎల్ ఉద్యోగానికి గత మూడేళ్లలో పనిచేసిన అన్ని చోట్లూ రాయాలి. దానికి ముందు ఏడేళ్లలో పెద్ద బండి తోలిన పనులు కూడా రాయాలి. మొత్తం పదేళ్లు. ఇండియా అనుభవాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, అయినా రాయాల్సిందే. ఖాళీగా వదిలితే ‘ఆ సంవత్సరాలు ఏం చేశావు’ అని ఆపేస్తారు. లారీ ఓనరు దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెప్పించుకో. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని టైర్ల బండి, ఏం సరుకు, ఈమెయిలు, ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. ఇక్కడి హెచ్ఆర్ వాళ్లు ఫోన్ చేసే వేళకు అక్కడ అర్ధరాత్రి కాబట్టి ఈమెయిలు తప్పనిసరి.

తర్వాత డ్రగ్ అండ్ ఆల్కహాల్ క్లియరింగ్‌హౌస్, అంటే డ్రైవర్ల డ్రగ్, మద్యం తప్పుల రికార్డు ఉండే ఫెడరల్ వెబ్‌సైటు. దాంట్లో నీ పేరున ఖాతా తెరిచి సీడీఎల్ నంబరు కలుపు. కంపెనీ నీ రికార్డు చూడటానికి క్వెరీ పెట్టినప్పుడు నువ్వు లోపలికెళ్లి ఒప్పుకోలు నొక్కితేనే ముందుకు పోతుంది. ఆ ఈమెయిలు స్పామ్‌లో పడి, ‘వాళ్లు పిలవలేదు’ అనుకుని కూర్చునేవాళ్లు చాలామంది.

డ్రగ్ టెస్టుకు ముందు వారంలో గసగసాలు వేసిన కోడికూర, మటన్ మసాలా మానెయ్యి. నవ్వొద్దు. గింజల పైన అంటుకున్న మార్ఫిన్, కోడీన్ పరీక్షలో కనబడొచ్చు. 2023లో అమెరికా రక్షణ శాఖ తన సైనికులకు ఇదే చెప్పింది. ఊరి నుంచి తెచ్చుకున్న కోడీన్ దగ్గు మందు కూడా ముట్టుకోవద్దు. బీపీ 140/90కి లోపల ఉంటే మెడికల్ కార్డు (బండి తోలే ఆరోగ్యం ఉందనే డాక్టరు సర్టిఫికెట్టు) రెండేళ్లకు ఇస్తారు, దాటితే ఏడాదికో మూడు నెలలకో కుదిస్తారు.

ఇంగ్లీషు సంగతి: 2025 జూన్ 25 నుంచి, రోడ్డు మీద ఆపిన ఆఫీసరుతో మాట్లాడలేకపోయినా, బోర్డులు చదవలేకపోయినా బండి అక్కడే నిలిపేస్తారు. ఫోన్‌లో తర్జుమా యాప్ ఒప్పుకోరు. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఏం లోడు, ఎన్ని గంటలు తోలావు, ఈ ప్రశ్నలకు బిగ్గరగా జవాబు చెప్పడం ఇంట్లో అలవాటు చేసుకో. రోడ్డు పక్క వెలిగే ఎలక్ట్రానిక్ బోర్డుల మాటలు కూడా.

మళ్లీ అడిగినది (కావలి, ప్రస్తుతం డాలస్)

అన్నా, కంపెనీ వాళ్లు పెట్టే రోడ్డు టెస్టులో ఎక్కడ పోతుంది?

జవాబు (ఒంగోలు, ప్రస్తుతం హ్యూస్టన్)

రివర్సులో. మన ఊళ్లో కుడివైపు కూర్చుని కుడి అద్దం చూస్తూ వెనక్కి పెట్టిన చేతులు కదా, ఇక్కడ సీటు ఎడమన. కనబడే వైపు ఎడమ, గుడ్డి వైపు కుడి. అందుకని వీలైనంతవరకు ఎడమ వైపు నుంచే డాకులోకి పెట్టేలా బండి నిలుపుకో. వెనక నిలబడి ‘రానీ, రానీ, హోల్డాన్’ అనే క్లీనరు లేడిక్కడ. దిగి చూసిరా. దిగి చూసినందుకు మామూలుగా మార్కులు పోవు, దిగకుండా ఒక స్తంభాన్ని తాకితే టెస్టు అక్కడే అయిపోతుంది. కుడి మలుపులో 53 అడుగుల ట్రైలరు వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. ముందే ఎడమకు ఊగితే కుడి సందులోకి కారు దూరుతుంది. నేరుగా ముందుకు పోయి ఆలస్యంగా తిప్పు.

ట్రైలరు తగిలించాక ముందుకు లాగి చూడటం ఒక్కటే చాలదు. టార్చి వేసి, ఫిఫ్త్ వీల్ (ట్రక్కు మీద ట్రైలరును పట్టే పళ్లెం) దవడ కింగ్‌పిన్ (ట్రైలరు కింది ఇనుప మొల) చుట్టూ మూసుకుందో లేదో కళ్లారా చూడు. కింగ్‌పిన్ పైకెక్కి కూర్చున్నా కొన్నిసార్లు లాగినప్పుడు పట్టినట్టే ఉంటుంది, గేటు దాటాక ట్రైలరు నేలమీద పడుతుంది. బ్రేకుల గాలి పరీక్షలో ఇంజను ఆపి, బ్రేకు తొక్కి పట్టి, నిమిషంలో 4 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదని నోటితో చెప్పు. చేసి ఊరుకుంటే చాలదు, వాళ్లకు వినపడాలి.

జవాబు (గూడూరు, ప్రస్తుతం హ్యూస్టన్)

ఇంటర్వ్యూలో ‘లోకల్’ అన్న మాటకు సంబరపడొద్దు. రోజూ బయల్దేరిన యార్డుకే 14 గంటల్లో తిరిగొచ్చి, 150 ఎయిర్ మైళ్లు (రోడ్డు మలుపులు లెక్కపెట్టకుండా నేరుగా కొలిచే దూరం) దాటకపోతే ఎలక్ట్రానిక్ లాగ్ (తోలిన గంటలు నమోదు చేసే యంత్రం) అక్కర్లేదు. దాన్నే లోకల్ అంటారు కొందరు. అంటే పద్నాలుగు గంటల షిఫ్టు కూడా లోకలే. ఎన్నింటికి మొదలు, ఎన్ని స్టాపులు, సరుకు ఎవరు దించాలి, జీతం గంటకా లోడుకా, ఓవర్‌టైము ఎన్ని గంటల తర్వాత? చాలా మంది ట్రక్కు డ్రైవర్లకు ఓవర్‌టైము ఇవ్వాలని ఫెడరల్ చట్టంలో లేదు, కాబట్టి ఆఫర్ కాగితంలో రాయించుకో. మన బత్తా లెక్కలు ఇక్కడ చెల్లవు.

అన్నిచోట్లా కాదంటే అప్పుడు దూరం బండి. మూడు నెలలు దాటి స్టీరింగు పట్టకుండా ఉంటే చాలామంది రిఫ్రెషర్ చేసి రమ్మంటారు, ఆ ఖర్చు నీదే. అంతవరకూ ఆగొద్దు. డాలస్‌లోనే టెర్మినల్ ఉన్న కంపెనీలో చేరు, ఏడాది తర్వాత అదే టెర్మినల్ నుంచి లోకల్ రూటు అడగొచ్చు. ముందే మానేస్తే ట్రైనింగు ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఎన్ని నెలలకో మాత్రం ముందే చదువుకో.