దస్తావేజుల్లో అష్టభోగాలు, మరి దారి హక్కు ఎక్కడ?

ప్రశ్న: పాత క్రయ దస్తావేజుల్లో "నిధి నిక్షేప జల తరు పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములను అష్టభోగ తేజస్స్వామ్యములతో సహా" అని ఉంటుంది కదండీ, పక్కవాళ్ల పొలంలోంచి మనం నడిచే దారి హక్కు వీటిలో దేని కిందకొస్తుంది, ఆగామా (ముందు రాబోయేదా) సాధ్యమా (సాధించుకోగలిగేదా)? పైగా నేనెప్పుడు లెక్కపెట్టినా తొమ్మిదే వస్తున్నాయి 🙂

జవాబు: తొమ్మిది రావడానికి కారణం తరు అండీ. పాత రాతి, రాగి శాసనాల్లో మామూలుగా కనిపించే ఎనిమిదిలో అది ఉండదు. చెట్లు కూడా పోకూడదని లేఖరులు కలిపేసుంటారు, ఎనిమిది అన్న మాట మాత్రం మార్చలేదు.

జవాబు: దారి హక్కు ఆ ఎనిమిదిలో దేనికిందకీ రాదండీ. అవన్నీ మన హద్దుల లోపల ఉన్నవి, పుట్టబోయేవి, మనం పుట్టించుకోగలిగేవి. దారి హక్కేమో పక్కవాడి భూమి మీద ఉండేది, భూమి అతనిదే కానీ మనం నడుస్తుంటే ఆపలేడు. ఇలాంటి హక్కునే ఈజ్‌మెంట్ అంటారు, అందుకే దస్తావేజులో దీన్ని విడిగా "ఈజ్‌మెంట్ హక్కులతో సహా" అని రాస్తారు. రాయకపోయినా కొంప మునగదు, 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం భూమి చేతులు మారితే, వేరే ఉద్దేశం కనిపించనంతవరకు, దాన్ని అంటిపెట్టుకున్న ఈ హక్కూ కొన్నవాడికే వెళ్తుంది. అసలు అష్టభోగాల్లో మొదటిదైన నిధి సంగతే చూడండి, ఎంత ఘనంగా రాసుకున్నా నిజంగా దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాల్సిందే 😄

ప్రశ్న: అయితే ఇరవయ్యేళ్లు నడిస్తే దారి మనదైపోతుందంటారు, నిజమేనా?

జవాబు: దారి మనదవదు, నడిచే హక్కు మాత్రమే వస్తుంది. అదీ ఊరికే రాదు, 20 ఏళ్లు ఎడతెగకుండా, బాహాటంగా, గొడవల్లేకుండా, ముఖ్యంగా నాకు హక్కుందన్న ధోరణిలో నడిచుండాలి. "నడుచుకో బాబూ" అని భూమి యజమాని ఒప్పుకుంటే నడిచామనుకోండి, అది లైసెన్స్, ఎన్నేళ్లయినా హక్కుగా మారదు, మామూలుగా ఆయన ఎప్పుడైనా వద్దనొచ్చు. పాతకాలపు మంచితనానికి కోర్టులో విలువ ఇలాగే ఉంటుంది. ఇక వేరే దారే లేని భూమికి అవసరం కొద్దీ వచ్చే హక్కు ఇంకోటుంది, అది రెండు భూములూ ఒకప్పుడు ఒకరివే అయి తర్వాత విడిపోయిన చోట వస్తుంది, ఇంకో దారి ఏర్పడగానే పోతుంది.

ప్రశ్న: మరి "ఈ స్థలంలో మేడ కట్టను" అని రాసిచ్చినవాడు అమ్మేస్తే, కొన్నవాడు కట్టొచ్చా?

జవాబు: అది ఈజ్‌మెంట్ కాదు, షరతు. లండన్ లెస్టర్ స్క్వేర్ తోట మీద 1848లో వచ్చిన టల్క్ వర్సెస్ మాక్సే తీర్పు దీనికి మూలం, షరతు తెలిసి కొన్నవాడు దాన్ని దాటలేడని. మనకి ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడికి అంటదు, ఊరికే పుచ్చుకున్నవాడికి తెలియకపోయినా అంటుంది. అందుకే కొనేముందు అష్టభోగాల పేరా వదిలేసి షరతుల పేరా చదవండి.