ఫొటో ఎడిటింగుకు గట్టి డెస్క్‌టాప్ కావాలి, ఏది తీసుకోవాలి?

ఆల్బమ్ డిజైనర్: సాయంత్రం నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నాను, ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పడం లేదు. ఫొటో ఎడిటింగుతో పాటు నాలుగైదు పనులు ఒకేసారి నడిచే శక్తిమంతమైన డెస్క్‌టాప్ నాకు కావాలి. ఇప్పుడున్నది మాటిమాటికీ బిగుసుకుపోతోంది, ముహూర్తాల నెలలు దగ్గరపడుతున్నాయి. దయచేసి ఒక్క మోడల్ పేరు చెప్పండి, చాలు.

మితభాషి: బడ్జెట్, వాడే సాఫ్ట్‌వేర్, ఇప్పుడున్న కంప్యూటర్ వివరాలు రాయండి. అవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

రంగుల పట్టింపు: అందరూ ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతారు, మానిటర్ సంగతి ఎవరికీ పట్టదు. తెర రంగును తప్పుగా చూపిస్తే పెళ్లికూతురి వంకాయరంగు పట్టుచీర ఆల్బమ్‌లో నీలంగా అచ్చవుతుంది, అప్పుడు కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేసినా ఫలం లేదు. పక్క నుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్ ఉండి, ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిని పూర్తిగా చూపగల మానిటర్ తీసుకుని, దాన్ని తెర రంగులు కొలిచే కాలిబ్రేటర్‌తో సరిచేయించి, వెలుగు తగ్గించి పనిచేయండి. తెర మరీ వెలుగుగా ఉంటే ఫొటోను మనకు తెలియకుండానే చీకటి చేస్తాం, తీరా ప్రింట్లు మసకగా వచ్చాక ల్యాబ్ వారితో తగవు పెట్టుకుంటాం.

ఆల్బమ్ డిజైనర్: మానిటర్ ఉందండీ, అది కాదు సమస్య. ఫొటోషాప్, లైట్‌రూమ్ క్లాసిక్ వాడతాను. 12×36 అంగుళాల షీట్లు చేస్తాను, తెలుగు అక్షరాలకు ‘అను’ సాఫ్ట్‌వేర్ వాడతాను కాబట్టి విండోస్‌ను వదలలేను. ర్యామ్ 16 జీబీ ఉంది. బడ్జెట్ లక్షన్నర.

జియాన్ అభిమాని: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విచారించండి. రెండు జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు (ఇంటెల్ సర్వర్ రకం) ఉన్న పాత వర్క్‌స్టేషన్ దొరికితే మొత్తం 28 కోర్లు వస్తాయి. మల్టీటాస్కింగ్ అంటే అదీ.

హార్డ్‌వేర్ మిత్రుడు: జియాన్ అభిమాని గారి సలహాతో నేను ఏకీభవించలేను. ఆ ప్రాసెసర్ 2016 నాటిది, టర్బోలోనూ, అంటే అత్యధిక వేగంలోనూ, 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. ఫొటోషాప్‌లో బ్రష్, లేయర్ల పనులు ఎక్కువగా ఒకటి రెండు కోర్ల వేగం మీదే ఆధారపడతాయి కాబట్టి మిగిలినవి ఖాళీగా కూర్చుంటాయి. పైగా అది విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

డిజైనర్ గారూ, మీ షీటు లెక్క చూడండి. 300 డీపీఐలో 12×36 అంటే 3600×10800 పిక్సెళ్లు, అంటే షీటంతా నిండిన ఒక్క లేయరుకే 8 బిట్లలో సుమారు 117 ఎంబీ కావాలి. అలాంటివి ఇరవై ఉంటే 2.3 జీబీ దాటుతుంది, 16 బిట్లయితే దానికి రెట్టింపు. దీనికి హిస్టరీ, పక్కన తెరిచిన లైట్‌రూమ్, బ్రౌజర్ తోడైతే 16 జీబీ చాలక, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కు మీద, అంటే ర్యామ్‌కు బదులుగా వాడుకునే డిస్కు మీద, పడుతుంది. మీరు బిగుసుకుపోవడం అంటున్నది బహుశా అదే. 32 జీబీతో నెట్టుకురావచ్చు గానీ మీ పనికి 64 హాయి. నాలుగు ర్యామ్ స్టిక్కులు పెడితే డీడీఆర్5 (ఇప్పటి రకం ర్యామ్) వేగం తరచుగా తగ్గించాల్సి వస్తుంది కాబట్టి 32 జీబీవి రెండే తీసుకోండి. రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు సరిపోతాయి. లైట్‌రూమ్‌లో ఫొటోలోని చుక్కల్లాంటి గరుకును తీసేసే ఏఐ డీనాయిజ్ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, అది వాడకపోతే ఇంకా చిన్న కార్డు చాలు.

జియాన్ అభిమాని: మీరు చెప్పింది గేమింగ్ కంప్యూటర్, వర్క్‌స్టేషన్ కాదు. తన తప్పులను తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ లేనిదాన్ని వర్క్‌స్టేషన్ అనరు.

హార్డ్‌వేర్ మిత్రుడు: ఆయన డెస్క్‌టాప్ అడిగారు. ఈసీసీ ఆల్బమ్‌ను త్వరగా పూర్తి చేయదు.

మితభాషి: ఫొటోలు ఎక్కడ ఉంచుతున్నారు?

ఆల్బమ్ డిజైనర్: యూఎస్‌బీ హార్డ్ డిస్కులో, ఫొటోల వివరాలు, మార్పులు దాచే లైట్‌రూమ్ కేటలాగ్ ఫైలు కూడా అందులోనే. అందరూ చేసేదే కదా.

హార్డ్‌వేర్ మిత్రుడు: ఈ మాట మొదటే రాసి ఉంటే ఇంత చర్చ అవసరమయ్యేది కాదు. తిరిగే డిస్కు సెకనుకు సుమారు 100 నుంచి 150 ఎంబీ ఇస్తుంది, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే అదీ రాదు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీల్లో వేగమైన రకం, మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, కొన్ని వేల ఎంబీ ఇస్తుంది. కేటలాగ్, ప్రివ్యూలు, నడుస్తున్న పెళ్లి ఫొటోలు ఎస్‌ఎస్‌డీలో ఉంచి, పూర్తయినవి మాత్రమే హార్డ్ డిస్కుకు పంపండి. పాత కంప్యూటర్‌లోనే ముందు ఇది చేసి చూడండి, తేడా చూశాక కొత్తదానికి ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోవచ్చు.

రంగుల పట్టింపు: మిగిలిన డబ్బుతో కాలిబ్రేటర్ కొనండి.

ఆల్బమ్ డిజైనర్: సరేనండీ, ఎస్‌ఎస్‌డీ రేపు తెస్తాను. ధన్యవాదాలు. యూపీఎస్ 600 వీఏ ఉంది, కొత్తదానికి సరిపోతుందా?