వాడిన ఆంప్లిఫయర్ కోసం ముందే డబ్బు పంపొచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాన్నగారి పాత రికార్డ్ ప్లేయర్ బాగు చేయించాను. ఘంటసాల గారి పాటలు మళ్లీ ఆయనకు దాని మీదే వినిపించాలని నా ఆశ. రికార్డ్ ప్లేయర్ సిగ్నల్ చాలా తక్కువగా ఉంటుంది కదా, ఫోన్, సీడీ ప్లేయర్ లాంటివి పెట్టే మామూలు ఆక్స్ సాకెట్‌లో పెడితే పాట పీలగా వస్తోంది. అందుకే ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే ప్రత్యేక సాకెట్) ఉన్న ఆంప్లిఫయర్ వెతుకుతున్నాను.

హైదరాబాద్‌లో ఒకాయన పాత యమహా 18,000కి ఆన్‌లైన్‌లో పెట్టారు. ముందు 5,000 పంపితే ఆర్టీసీ కార్గోలో వేస్తారట. వీడియో కాల్‌లో ఆన్ చేసి చూపించమంటే రెండు రోజులుగా రేపు, రేపు అంటున్నారు. అదే టెన్షన్‌గా ఉంది. పోయిన నెల నా స్పీకర్లు అమ్మకానికి పెడితే ఒకతను క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే నాకు డబ్బు పడుతుందన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని తెలుసు కాబట్టి బయటపడ్డాను.

నేనే వెళ్లి చూసుకుని తెచ్చుకోవడం మంచిదా? వాల్యూమ్ తిప్పితే గరగర వస్తుందా, రెండు వైపులా సౌండ్ సమానంగా ఉందా అన్నవి చూడగలను. ఫోనో ఇన్‌పుట్ పరీక్షించాలంటే మా ప్లేయర్ కూడా మోసుకెళ్లాలా? బెజవాడలో పాత ఆంప్లిఫయర్లు నమ్మకంగా రిపేర్ చేసేవాళ్లు తెలిస్తే అది కూడా చెప్పండి.