ఒకే కాఫీ గింజలు, వేయించడం మారితే రుచి ఎందుకింత మారిపోతుందండి?

కోనసీమ కాఫీ:
అందరికీ నమస్కారమండి, మాది అమలాపురం దగ్గర. మా బావ అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెచ్చాడు, అరబికా. సగం గోధుమరంగు వచ్చేదాకా, సగం బాగా నల్లగా మూకుట్లో వేయించి వేరువేరుగా డికాషన్ తీశాం, మొదటిది పుల్లగా ఉంది, రెండోది ఒకటే చేదు. గింజలు ఒక్కటే కదండి, ఇంత తేడా ఎలాగ? మా ఇంట్లో అందరం చిక్కటి గేదెపాలతోనే తాగుతాం, ఎక్కడ దించితే బాగుంటుంది?

డికాషన్ ప్రియ, రాజమండ్రి:
తమ్ముడూ, రంగొక్కటే చూడకు, శబ్దం విను. పచ్చి గింజకి అసలు కాఫీ వాసనే ఉండదు, 150 డిగ్రీలు దాటాక అందులో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి ఆ రంగూ వాసనా పుట్టిస్తాయి. 196 డిగ్రీల చుట్టుపక్కల పేలాలు పేలినట్టు మొదటి చిటపట వస్తుంది, లోపల ఆవిరి ఒత్తిడికి గింజ పగలడం అది. అక్కడికక్కడే దించితే పులుపు, పళ్ళ వాసన నిలబడతాయి. ఇంకా ఉంచేకొద్దీ ఆమ్లాలు విరిగిపోయి చేదు పెరుగుతుంది, 224 దగ్గర్లో రెండో చిటపట, సన్నగా గబగబా వస్తుంది, తర్వాత నూనె పైకి తేలుతుంది, ఇక అది అరకు గింజో ఎక్కడి గింజో తెలీదు, అంతా మాడు రుచే. గేదెపాలకైతే మొదటి చిటపట పూర్తిగా ఆగాక కాస్త ఉంచి, రెండోది మొదలవ్వకముందే దించెయ్.

కాకినాడ కప్పు:
అక్క చెప్పింది పాలకి కరెక్టేనండి, కానీ పాలు లేకుండా తాగేవాళ్ళకి ఆ లేత రోస్టే అసలు రుచి, అరకు గింజని అంతకన్నా నల్లగా చేస్తే నాకు ప్రాణం ఒప్పదు. ఇంకోటి, మూకుట్లో గరిటె ఆపితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అప్పుడు పులుపూ చేదూ రెండూ వస్తాయి. దించిన వెంటనే చేటలో పోసి చెరగండి, పొట్టూ పోతుంది, గింజా చల్లారుతుంది, లేకపోతే దించాక కూడా సొంత వేడికి వేగుతూనే ఉంటుంది. రెండ్రోజులాగి పొడి కొట్టండి, గింజలో కార్బన్ డయాక్సైడ్ కొంత బయటికి పోవాలి. మన డెల్టా గాలిలో తేమకి మూత బిగువుగా ఉన్న డబ్బా తప్పనిసరి.

కోనసీమ కాఫీ:
చాలా థాంక్సండి ఇద్దరికీ. నల్లగా వేయిస్తే కెఫీన్ పెరుగుతుందని మా మావయ్య అంటున్నారు, నిజమేనా?

డికాషన్ ప్రియ, రాజమండ్రి:
లేదు తమ్ముడూ, వేయించడం వల్ల కెఫీన్ పెద్దగా మారదు, పెరిగేది చేదే. గింజ బరువు మాత్రం ఎక్కువగా నీరు పోయి 15 నుంచి 20 శాతం తగ్గుద్ది, అందుకని డికాషన్‌కి పొడి చెంచాతో కాకుండా తూకం వేసుకో.